బండి నుంచి బరి వరకు: 'కోచ్' అనే మాట కథ

2024 జనవరిలో కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ కోచింగ్ కేంద్రాల నమోదు, నియంత్రణల కోసం రాష్ట్ర ప్రభుత్వాలకు మార్గదర్శక సూత్రాలను పంపింది. ఇటువంటి పత్రాలలో ముందుగా నిర్వచనాలు చెప్పుకోవడం ఆనవాయితీ. అందులో 'కోచింగ్' అన్న మాటకు ఇచ్చిన అర్థం గమనించదగినది. ఏదైనా ఒక విద్యాశాఖలో 50 మందికి మించిన విద్యార్థులకు చేసే బోధన, ఇచ్చే మార్గదర్శనం కోచింగ్ అవుతుంది. సలహా సంప్రదింపులు, క్రీడలు, నృత్యం, నాటకం మొదలైనవి మాత్రం ఆ మాట పరిధిలోకి రావు. పరిపాలన దృష్టితో చూస్తే ఇందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. ఈత నేర్పే కొలనునూ, ప్రవేశ పరీక్షలకు తర్ఫీదునిచ్చే నాలుగంతస్తుల భవనాన్నీ ఒకే గాటన కట్టలేము. అయితే చరిత్ర చదువుకున్నవారికి ఈ వాక్యం వేరొక విధంగా కనిపిస్తుంది. ఆటస్థలం లోకమంతటా చాటిన మాట ఒకటి, మన దేశంలో ఆటలను మినహాయించే నిర్వచనంతో ప్రభుత్వ పత్రంలోకి ఎక్కింది. ఆ మాట ఇంత దూరం ఎలా వచ్చిందో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కోచ్ అన్నది పుట్టుకతో ఇంగ్లీషు మాట కాదు. ఆ మాటకు వస్తే అది మొదట మాట కూడా కాదు, ఒక ఊరి పేరు. హంగరీలో వియన్నా, బుడా నగరాలను కలిపే దారి మీద కోచ్ అనే చిన్న గ్రామం ఉంది. 15వ శతాబ్దంలో, మథియాస్ కోర్వినస్ రాజు ఏలుబడి కాలంలో, అక్కడి వడ్రంగులు తేలికైన, వేగంగా పోగల గుర్రపు బండ్లు చేయడంలో పేరు పొందారు. 'కోచ్ ఊరి బండి' అన్న అర్థంలో హంగరీవారు దానిని 'కోచి' అన్నారు. జర్మన్ భాషలో అది 'కుట్షె' అయింది, ఫ్రెంచిలో 'కోష్' అయింది, 16వ శతాబ్దం నడిమి నాటికి ఇంగ్లీషులో 'కోచ్' అయింది. పొందూరు ఖద్దరు, వెంకటగిరి చీర, మంగళగిరి పంచె అంటున్నప్పుడు మనం చేసేది కూడా ఇదే. తేడా ఏమిటంటే, మన ఊళ్ల పేర్లు సరుకు పక్కన విశేషణాలుగా నిలిచాయి, ఆ హంగరీ పల్లె పేరు సరుకునే మింగి తానే సరుకుగా మారింది. హంగరీ భాషలో నేటికీ మోటారు కారును 'కోచి' అనే అంటారు.

బండి మనిషిగా మారడం ఇంగ్లండులో జరిగింది. 1830ల ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు కుర్రవాళ్లు, డబ్బు పుచ్చుకొని పరీక్షకు సిద్ధం చేసే ప్రైవేటు ఉపాధ్యాయుణ్ణి ఎగతాళిగా 'కోచ్' అన్నారు. కాలు కదపకుండా కూర్చున్నవాణ్ణి గమ్యం చేర్చే బండి అని అందులోని చమత్కారం. ఈ చమత్కారం కేంబ్రిడ్జిలో గౌరవనీయమైన వృత్తిగా స్థిరపడింది. గణితశాస్త్ర పట్టపరీక్షలో ప్రథముడిగా నిలిచినవానికి అక్కడ 'సీనియర్ రాంగ్లర్' అని బిరుదు. విలియం హాప్కిన్స్, ఆ తరువాత ఎడ్వర్డ్ రౌత్ అనే కోచ్‌లు ఏటేటా అటువంటివారిని తయారుచేశారు. రౌత్ శిష్యులలో పాతికమందికి పైగా ఆ బిరుదు పొందినవారే. విశ్వవిద్యాలయం జీతమిచ్చి నియమించిన ఆచార్యుల పాఠాల కన్నా రౌత్ ఇంట్లో చెప్పే పాఠాలకే విద్యార్థులు విలువ ఇచ్చేవారట. కళాశాల ఒకచోట, చదువు మరొకచోట అన్న ఏర్పాటు మన కాలపు వింత అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అదే విశ్వవిద్యాలయాలలో పడవ పందేలు జరిగేవి. తెడ్డు వేసే ఎనిమిదిమందికి ఒడ్డున గుర్రం మీద వెంట సాగుతూ కేకలు వేసి తప్పులు దిద్దే మనిషి ఒకడు ఉండేవాడు. 1860ల నాటికి అతడిని కూడా కోచ్ అన్నారు. క్రీడారంగానికి ఈ మాట వచ్చింది ఆ నది ఒడ్డునుంచే. అంటే, మనం నేడు తలచుకునే వరుస సరైనది కాదు. ఆటల మాట చదువుల్లోకి రాలేదు. చదువుల మాటే ఆటల్లోకి వెళ్లింది.

భారతదేశానికి మాత్రం మొదట వచ్చింది బండి. దొరల బండితో పాటు దానిని తోలే 'కోచ్‌మన్' కూడా వచ్చాడు. హిందుస్తానీలో బండి తోలేవాణ్ణి 'గాడీవాన్' అన్నట్లుగా ఈ 'కోచ్‌మన్' కూడా చల్లగా 'కోచ్‌వాన్'గా మారిపోయాడు. సాదత్ హసన్ మంటో రాసిన 'నయా కానూన్' కథలో నాయకుడు మంగూ అనే టాంగా తోలేవాడు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంతో బతుకు మారిపోతుందని నమ్మిన అమాయకుడు. అతడిని రచయిత మంగూ కోచ్‌వాన్ అని పరిచయం చేసి, తరువాత కథ పొడుగునా 'ఉస్తాద్' మంగూ అంటాడు. అడ్డాలో తోటివారందరికీ లోకజ్ఞానం చెప్పేవాడు గనుక ఉస్తాద్. బండివాడు, గురువు అనే రెండర్థాలూ ఒక లాహోరు మనిషిలో ఇలా కలిశాయి. ఇంగ్లండులో ఏ కుర్రవాడో వేసిన చమత్కారంతో దీనికి సంబంధమే లేదు.

తెలుగు ఊళ్లలో జట్కా ముందు ఈ మాట నిలవలేదు. ఇక్కడ దానికి ఆశ్రయమిచ్చింది రైలు. తొలినాటి రైలు పెట్టెలను గుర్రపు బండ్ల నమూనాలోనే కట్టారు గనుక ఆ పేరే అంటుకుంది. 1955 అక్టోబరు 2న మద్రాసు పెరంబూరులో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీతో ఇది స్వతంత్ర భారత పారిశ్రామిక పదజాలంలో స్థానం సంపాదించింది. సామాన్యులు ఇప్పటికీ 'బోగీ', 'పెట్టె' అనే అంటారనుకోండి. నిజానికి బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం మాత్రమే. మనం పునాది పేరును ఇంటికి పెట్టుకున్నాము. రైల్వే శాఖ లెక్కలలో సరకుల రవాణా ఒక పద్దు, 'కోచింగ్' మరొక పద్దు. ప్రయాణికుల టికెట్లు కాక పార్సెళ్లు, సామాను వంటివాటి మీద వచ్చే రాబడిని 'ఇతర కోచింగ్ ఆదాయం' అంటారు. బడ్జెటు పత్రాలలో ఆ మాట చూసి, రైల్వేవారు ట్యూషన్లు కూడా చెబుతున్నారా అని ఎవరైనా అడిగితే తప్పు పట్టనక్కరలేదు.

తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ అన్న మాటకు ఇంకొక బరువు ఉంది. 1980లలో కాజీపేటకు వస్తుందని ఆశపెట్టుకున్న కర్మాగారం పంజాబులోని కపుర్తలాలో వెలిసింది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో తెలంగాణకు రైలు కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని రాశారు. 2023 జులైలో కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. రెండు తరాల ఓరుగల్లువాసులకు కోచ్ అంటే ఎక్కే పెట్టె కాదు, ఎదురుచూసిన కొలువు. ఇక 1980, 90లలో రాత్రంతా సినిమా చూపిస్తూ పట్నం చేర్చిన 'వీడియో కోచ్' బస్సులను ఆ కాలంలో యువకులుగా ఉన్నవారికి ప్రత్యేకించి గుర్తుచేయనవసరం లేదు.

ఆటలు నేర్పే మనిషికి మన భాషలో మాటలు లేక ఈ పరభాషా పదాన్ని తెచ్చుకున్నామా అంటే, అదేమీ లేదు. 'ఒజ్జ' ఉన్నాడు. సాముగరిడీలు నేర్పే 'వస్తాదు' ఉన్నాడు. పారసీక 'ఉస్తాద్' తెలుగు నాలుక మీద వస్తాదు అయి, క్రమంగా నేర్పేవాడనే అర్థం పలచబడి కండలు తిరిగినవాడనే అర్థం మిగిలింది. కుస్తీ, కర్రసాము నేర్చే చోటు 'తాలింఖానా'. ఉత్తరాంధ్రలోనూ హైదరాబాదులోనూ పెద్దల నోట వినిపించే మాట ఇది. శ్రీకాకుళం ప్రాంతపు మల్లయోధుడు కోడి రామమూర్తినాయుడు ఈ వాతావరణంలో పెరిగినవాడే. తరువాత ఆయన పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా కూడా పనిచేశారు. 1920లో మద్రాసులో హారీ క్రో బక్ నెలకొల్పిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల నుంచి శిక్షణ పొందినవారు బడులకు రావడం మొదలయ్యాక, వస్తాదు స్థానంలో 'డ్రిల్లు మాస్టారు' వచ్చాడు. తాలింఖానాలో ఒక్కొక్కడి ఒడుపు చూసి పట్టు నేర్పేవారు. డ్రిల్లులో అందరి చేతులూ ఒకేసారి లేవాలి. మార్పు పేరులో మాత్రమే వచ్చిందనుకోరాదు.

పత్రికల తెలుగులో కోచ్‌కు సమానంగా 'శిక్షకుడు' అని రాస్తున్నాము. సంస్కృతంలో 'శిక్ష' అన్నది 'శక్' ధాతువు నుంచి వచ్చింది. శక్తిని కోరడం, చేయగలగాలని ఆశించడం అని దాని మూలార్థం. హిందీలో అది చదువుగా నిలిచింది. తెలుగులో మాత్రం 'శిక్షణ'కు చదువు, 'శిక్ష'కు దండన పంచి ఇచ్చాము. 2001 ప్రాంతంలో 'సర్వశిక్షా అభియాన్' బోర్డులు మన ఊరి బడుల మీదికి ఎక్కినప్పుడు, అందరికీ శిక్ష వేసే పథకం వచ్చిందని పల్లె రచ్చబండల మీద నవ్వుకున్నారు. ఒకే లిపిలో రాసినా ఒకే భాష కాదని ఢిల్లీ కార్యాలయాలకు గుర్తుచేసే అవకాశం మాబోటి ఉద్యోగులకు తరచుగా దొరుకుతుంది.

స్వాతంత్ర్యానంతరం ఆటల కోచ్‌కు ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. 1953లో రాజకుమారి అమృత్‌కౌర్ పేరుతో క్రీడా కోచింగ్ పథకం మొదలైంది. 1961లో పటియాలాలోని మోతీబాగ్ రాజప్రాసాదంలో జాతీయ క్రీడా సంస్థను స్థాపించి, కోచ్‌లను తయారుచేయడం ఆరంభించారు. అప్పటికే హైదరాబాదులో ఒక బడిపంతులు ఏ పటియాలా పట్టా లేకుండా దేశానికి ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన నడిపిన భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాకు వెళ్లేనాటికే ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. 1963 జూన్‌లో కేన్సరుతో కన్నుమూశారు. కాగితాల మీద ఆయన కోచ్. ఆటగాళ్లకు 'రహీం సాబ్'. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరికి తొలి పాఠాలు చెప్పిన నీలంశెట్టి అప్పన్నను తలచుకున్నా ఈ సంగతే తోస్తుంది. ఆటల కోచ్ ఎప్పుడూ ఒక మనిషి. అతడికి ఒక పేరు ఉంటుంది, ఒక కోపం ఉంటుంది. శిష్యుడు ఓడిపోతే నలుగురిలో తల దించుకోవలసిన పూచీ కూడా ఉంటుంది.

1985లో భారత ప్రభుత్వం ఉత్తమ కోచ్‌లకు 'ద్రోణాచార్య' పురస్కారం నెలకొల్పింది. తొలి ఏడాది దానిని కుస్తీ కోచ్ బి.బి. భాగవత్, బాక్సింగ్ కోచ్ ఓం ప్రకాశ్ భరద్వాజ్, పి.టి. ఉష గురువు ఓ.ఎం. నంబియార్ అందుకున్నారు. హైదరాబాదు నుంచి 2000లో బ్యాడ్మింటన్ కోచ్ ఎస్.ఎం. ఆరిఫ్‌కు, 2009లో పుల్లెల గోపీచంద్‌కు ఈ గౌరవం దక్కింది. ద్రోణుడి పేరు ఎంచుకోవడం సముచితమా అన్న చర్చ నేటికీ తెగలేదు. భారతంలో ఆయన రాజకుమారుల కోసం నియమితుడైన ఆచార్యుడు, చేరదీయని శిష్యుడి వద్ద బొటనవేలు గురుదక్షిణగా పుచ్చుకున్నవాడు. 1997-98లో గిరిజన బాలబాలికల కోసం ప్రారంభించిన ఆశ్రమ పాఠశాలలకు అదే ప్రభుత్వం ఏకలవ్యుడి పేరు పెట్టింది. రెండు పేర్లూ ఒకే ప్రభుత్వ వ్యవస్థలో పక్కపక్కన ఉన్నాయి. దీనిని పొరపాటు అనుకోవడం కన్నా, అరుదైన నిజాయితీ అనుకోవడమే నాకు ఇష్టం.

పరీక్షల వైపు నడచిన కథ వేరు. 1854లో మెకాలే అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఇండియన్ సివిల్ సర్వీసుకు పోటీ పరీక్ష ఉండాలని సూచిస్తూ, పైపై చదువుకు మార్కులు దక్కకుండా ఏర్పాటు చేస్తే బట్టీ పట్టించేవారి ఆటలు సాగవని ఆశించింది. 1855లో పరీక్ష మొదలైంది. ఆ వెనువెంటే వాల్టర్ రెన్ వంటివారు లండనులో దీనికోసమే తర్ఫీదు సంస్థలు తెరిచారు. ఇంగ్లీషువారు వాటిని ఈసడింపుగా 'క్రామర్' దుకాణాలన్నారు. కోచ్ అంటే మన్నన, క్రామర్ అంటే చులకన. చేసేది దాదాపు ఒకే పని. 1863లో సత్యేంద్రనాథ్ ఠాగూర్, 1869లో సురేంద్రనాథ్ బెనర్జీ, రమేశ్ చంద్ర దత్, బిహారీలాల్ గుప్తా ఈ పరీక్షలో నెగ్గారు. 1870ల చివరలో గరిష్ఠ వయస్సును 19 ఏళ్లకు తగ్గించడంతో, పసితనం వీడని కుర్రవాణ్ణి సముద్రాలు దాటించి లండను తర్ఫీదుకు పంపగల కుటుంబాలకే ఆ తలుపు తెరిచి ఉంది. దేశంలోనే పరీక్ష రాసే వీలు 1922లో అలహాబాదులో కలిగింది. భారతీయ రాజకీయోద్యమపు తొలి కోరికలలో ఒకటి పరీక్షా కేంద్రం గురించి, వయోపరిమితి గురించి అన్నది మనం తరచుగా మరచిపోతాము.

తెలుగునాట ఈ ఏర్పాటుకు తరానికొక పేరు పెట్టారు. కోస్తా జిల్లాలలో మా నాన్నగారి తరం వారికి అది 'ప్రైవేటు'. పంతులుగారి అరుగు మీద లాంతరు వెలుగులో నలుగురు పిల్లలు కూర్చొని ప్రైవేటు చదివేవారు. తరువాత 'ట్యూషన్' అయింది. తప్పినవారి కోసం 'ట్యుటోరియల్' కళాశాలలు వెలిశాయి. ఈ మూడింటికీ చదువులో వెనుకబడినవాడు వెళ్లేవాడు. 1980లలో ఎంసెట్ వచ్చాక వాడుకలో స్థిరపడిన 'కోచింగ్' దీనిని తలకిందులు చేసింది. ముందున్నవాడే మరింత ముందుకు పోవడానికి వెళ్లే చోటు ఇది. అందువల్ల దాచుకోవలసిన విషయం కాస్తా చెప్పుకోవలసిన విషయం అయింది. క్రియాపదం కూడా మారింది. ప్రైవేటు 'చదివేవారు', ట్యూషన్ 'చెప్పించుకునేవారు', కోచింగ్ 'తీసుకుంటారు'. మందు తీసుకున్నట్లు, అప్పు తీసుకున్నట్లు. 'లాంగ్ టర్మ్ తీసుకున్నాడు' అంటే ఒక్కొక్క ఇంట్లో ఈ రెండూ నిజమే.

నల్లకుంటలో చుక్కా రామయ్యగారి శిక్షణాలయం నడిచిన కాలంలో కోచింగ్‌కు ఇంకా ఒక మనిషి ముఖం ఉండేది. ఆయనను లోకం 'ఐఐటీ రామయ్య' అన్నది. అక్కడ చేరడానికే ఒక ప్రవేశ పరీక్ష ఉండేది. దానికోసం వేరేచోట తర్ఫీదు పొందేవారు. రాజస్థాన్‌లోని కోటాలో జె.కె. సింథటిక్స్ ఇంజనీరు వి.కె. బన్సల్ 1980లలో తన ఇంటి భోజనాల బల్ల దగ్గర కొద్దిమందికి లెక్కలు చెప్పడంతో మొదలైనది, కొన్నేళ్లకు ఆ ఊరి జీవనాధారమే అయింది. నంద్యాల బ్యాంకు పరీక్షలకు, అవనిగడ్డ డీఎస్సీకి, హైదరాబాదులో అశోక్‌నగర్ గ్రూప్స్‌కు, అమీర్‌పేట కంప్యూటర్లకు పేరు పొందాయి. హంగరీలోని కోచ్ గ్రామం బండ్లకు ఎలా పేరు పొందిందో అలాగే.

ఈ విస్తరణలో జారిపోయినది ఒకటి ఉంది. కోచింగ్ కేంద్రంలో 'కోచ్' అనే మనిషి లేడు. అక్కడ ఉండేది 'ఫ్యాకల్టీ', 'సార్', 'మేడం', 'వార్డెన్', 'అడ్మిన్'. ఫలానావాడు నా కోచ్ అని చెప్పుకునే విద్యార్థి మనకు కనిపించడు. ఏ సంస్థలో, ఏ బ్యాచిలో ఉన్నాడో చెబుతాడు. పడవ వెంట గుర్రం మీద సాగుతూ ఒక్కొక్కడి తెడ్డును గమనించే మనిషి తొలగిపోయాడు, అతడు చేసే పని మాత్రం సరుకుగా మిగిలింది. కోచ్‌కు శిష్యుడి గెలుపోటములలో పాలు ఉంటుంది. కోచింగ్‌కు గెలిచినవారి ఫొటోలలోనే పాలు ఉంటుంది. ర్యాంకుల ప్రకటనలలో కనిపించే పది ముఖాల వెనుక ఉన్న పదివేలమంది ఎవరి పద్దు కిందికి వస్తారన్నది ఇంతకాలం ఏ శాఖ దస్త్రంలోనూ స్పష్టంగా లేదు.

ఆ ప్రశ్నను చివరకు దుర్ఘటనలు వేశాయి. 2024 జులై 27న ఢిల్లీ పాత రాజేంద్రనగర్‌లో ఒక కోచింగ్ కేంద్రపు నేలమాళిగ గ్రంథాలయంలోకి వాననీరు ముంచెత్తి, సివిల్ సర్వీసులకు సిద్ధమవుతున్న ముగ్గురు మరణించారు. అంతకు ఏడాది ముందు, 2023లో, నీట్ తర్ఫీదు కోసం విశాఖపట్నం వచ్చిన ఒక విద్యార్థిని మృతి చెందింది. ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2025 జులైలో న్యాయస్థానం విద్యార్థుల మానసిక స్వస్థత గురించి దేశమంతటికీ వర్తించే 15 ఆదేశాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల సలహాదారు కనీసం ఒకరు ఉండాలి. చదువులో స్థాయిని బట్టి పిల్లలను బ్యాచిలుగా వేరుచేయరాదు, నలుగురిలో అవమానించరాదు. ప్రైవేటు కోచింగ్ కేంద్రాల నమోదుకు, విద్యార్థుల రక్షణకు రాష్ట్రాలు రెండు నెలలలో నియమాలు ప్రకటించాలి.

2024 నాటి మార్గదర్శకాలు కూడా 16 ఏళ్లు నిండనివారిని చేర్చుకోరాదన్నాయి, మానసిక ఒత్తిడి గురించి, సలహాదారుల గురించి విడిగా చెప్పాయి. కాని అవి మార్గదర్శకాలు. న్యాయస్థానం వాక్కు ఆదేశం. నిర్వచనంలో క్రీడలతో పాటు కోచింగ్ వెలుపల నిలబెట్టిన 'సలహా సంప్రదింపులు' అలా తిరిగి ఆ భవనం లోపలికి వచ్చాయి, నూరుమంది ఉన్న సంస్థకు కనీసం ఒక మనిషి చొప్పున.